జిల్లా బాస్కెట్‌బాల్ సంఘం: నిర్వహణ, వికాసం

సాయంకాలం ఆటస్థలంలో బంతి బుట్టలో పడగానే కరతాళధ్వనులు చేసే విద్యార్థులకు కొదువ లేదు. కాని ఆ బంతి వేసిన కుర్రవాడు జిల్లా జట్టులోనికి, అటనుండి రాష్ట్ర జట్టులోనికి ఏ మార్గాన వెళ్లగలడని ప్రశ్నిస్తే సమాధానం చెప్పగలవారు అరుదు. విశ్వవిద్యాలయ జట్టుకు పోయే దారి వేరు. అది కళాశాలల ద్వారా సాగుతుంది. రాష్ట్ర జట్టుకు పోయే దారి జిల్లా సంఘం వాకిలి మీదుగా ఉన్నది. ఆ వాకిలి తెరచి ఉండడమా, మూసి ఉండడమా అన్నదానిపై ఎందరో యువకుల భవిష్యత్తు ఆధారపడుతుంది గనుక, ఆ సంఘం పనితీరును గురించి మేము ఎరిగినంత వరకు ఇచ్చట వివరింపదలచినాము.

ఈ క్రీడ 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జన్మించింది. జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు శీతకాలంలో విద్యార్థులకు నాలుగు గోడల మధ్య ఆడదగిన ఆట కావాలని పండ్ల బుట్టలు రెండింటిని బాల్కనీ కడ్డీలకు తగిలించి, పదమూడు నియమాలు వ్రాసి ఇచ్చాడు. వై.ఎం.సి.ఏ. సంస్థల ద్వారానే అది మన దేశానికి చేరింది. 1934లో న్యూఢిల్లీలో తొలి జాతీయ పోటీలు జరుగగా, అఖిల భారత సమాఖ్య 1950లో గాని ఏర్పడలేదు. ఆట ముందు, సంఘం తరువాత. ఏ ఊళ్లోనైనా జరిగేది ఇదే. 1980లో మాస్కో ఒలింపిక్ క్రీడలలో మన పురుషుల జట్టు పాల్గొన్నది.

జిల్లా సంఘం రాష్ట్ర సంఘానికి, రాష్ట్ర సంఘం జాతీయ సమాఖ్యకు, అది 1932లో జెనీవాలో నెలకొల్పబడిన అంతర్జాతీయ సమాఖ్య ఫిబాకు అనుబంధమై ఉంటాయి. ఈ గొలుసులో ఒక్క కడియం తెగినా అడుగున ఉన్న ఆటగాడే నష్టపోతాడు. 2015లో మన జాతీయ సమాఖ్యలో రెండు వర్గాలు వేర్వేరుగా ఎన్నికలు జరుపుకొని, అసలు సమాఖ్య మాదంటే మాదని వాదించుకొన్నాయి. తుదకు ఫిబా ఒక వర్గాన్ని గుర్తించవలసి వచ్చింది. ఇటువంటి తగవు జిల్లాలో పుట్టితే తీర్చడానికి ఫిబా రాదు.

అందుచేత మొదటి పని చట్టబద్ధత. ఏడుగురు సభ్యులు చేరి, నియమావళి వ్రాసుకొని, సంఘాల చట్టం క్రింద నమోదు చేయించుకోవాలి. ఇది ఒక దినపు పని. నియమావళిలో ఓటు ఎవరిదన్నది మాత్రం జాగ్రత్తగా ఆలోచింపదగిన విషయం. వ్యక్తులకు ఓటిస్తే డబ్బు కట్టి మిత్రులను చేర్పించినవారిదే రాజ్యం. జట్లు నడిపే క్లబ్బులకు, విద్యాసంస్థలకు ఓటిస్తే ఆడేవారి మాటకు విలువ ఉంటుంది. మా అభిప్రాయం రెండవదానివైపే. జాతీయ సమాఖ్యల పదాధికారుల వయస్సుకు, పదవీకాలానికి 2011 నాటి కేంద్ర క్రీడా నియమావళి హద్దులు పెట్టింది. జిల్లాలలో ఇరవై యేండ్లు కదలని కార్యదర్శులను చూచినవారికి అందులోని ఔచిత్యం వేరుగా చెప్పనక్కరలేదు.

మేమెరిగిన ఒక జిల్లాలో జరిగిన సంగతి చెబుతాము. రాష్ట్ర పోటీలకు పన్నెండుగురు బాలురు ఎంపికైనారు. నెల దినాలు తెల్లవారుజామున లేచి సాధన చేసినారు. ప్రవేశపత్రం పంపవలసిన ఆఖరు నాడు కార్యదర్శి ఊళ్లో లేడు. సంఘం రబ్బరు ముద్ర అతని ఇంటి బీరువాలో ఉన్నది. బీరువా తాళంచెవి అతని జేబులో ఉన్నది. పిల్లలు వెళ్లలేదు. వారిలో ఇద్దరికి ఆ వయోవర్గంలో అదే చివరి సంవత్సరం. నాటినుండి మేము చెప్పేది ఒక్కటే: ముద్ర, సభ్యుల దస్త్రం, ఆటగాళ్ల జన్మపత్రాలు ఏ ఒక్కరి ఇంటనో కాక అందరికి అందుబాటులో ఉండాలి, బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలుండాలి, లెక్కలు ఏటా సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి.

సంఘాన్ని పెంచడమంటే కప్పులు, పూలదండలు పెంచడమని కొందరి భ్రమ. పెంచవలసింది మొదట న్యాయనిర్ణేతలను. ఆటగాళ్లు వేసవి శిబిరంలో తయారవుతారు. ఈల పట్టేవారు అంత సులభంగా తయారుకారు. మైదానంలోని వారితోపాటు బల్లవద్ద లెక్క వ్రాసేవారు, గడియారం చూచేవారు, ఇరవైనాలుగు సెకండ్లు లెక్కించేవారు కావాలి. ఈ పనులకు పొడవు, దారుఢ్యం అక్కరలేదు. ఆడలేని విద్యార్థి కూడ సంఘానికి ఉపయోగపడే చోటు ఇదే. ఫిబా లెక్కపత్రం అసలు ఒకటి, నకళ్లు మూడు. ఓడిన జట్టుకు సైతం ఒక నకలు దక్కుతుంది. దానివలన సగం తగవులు పుట్టనే పుట్టవు.

తరువాత బాలికలు. తలపై వస్త్రం ధరించరాదన్న నియమం ఫిబాలో చిరకాలం ఉండేది. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలలో ఖతార్ మహిళలు హిజాబు తీయుటకు నిరాకరించి, మంగోలియాతో ఆడకుండానే ఆట వదులుకొన్నారు. 2017 అక్టోబరు 1 నుండి ఆ నియమం మారింది. వస్త్రం ముఖాన్ని కప్పరాదు, ఇతరులకు ప్రమాదం కలిగించరాదు, జట్టులో ధరించేవారందరిది ఒకే రంగై ఉండాలి, అంతే. ఈ మార్పు తెలియక నేటికీ బాలికలను వెనుకకు పంపే న్యాయనిర్ణేత ఉంటే, తప్పు అతనికి నేర్పని సంఘానిది. అట్లే రంజాను మాసంలో పోటీలు మధ్యాహ్నం పెట్టక ఇఫ్తారు తరువాత దీపాల వెలుతురులో జరిపితే ఉపవాసమున్న ఆటగాళ్లు దూరం కారు. దీపాలకు ఖర్చవుతుంది, నిజమే.

స్థలం లేదన్నది తరచు వినిపించే మాట. పూర్తి మైదానానికి 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కావాలి. కాని టోక్యో ఒలింపిక్స్‌లో, అనగా 2021లో, మొదటిసారి ప్రవేశపెట్టబడిన ముగ్గురేసి ఆటకు 11 మీటర్ల పొడవు, అదే వెడల్పు, ఒకే బుట్ట చాలును. జట్టుకు నలుగురే, పది నిమిషాలలో, లేదా ఒక జట్టు ఇరవైఒక్క పాయింట్లు చేరగానే ఆట ముగుస్తుంది. ఒక ఆదివారం ఉదయం ఒకే బుట్ట క్రింద ఎనిమిది జట్లను ఆడించవచ్చు. మన కళాశాల వెనుక ప్రహరీగోడకు ఆనుకొని ఉన్న సిమెంటు నేల ఇందుకు సరిపోతుందేమో కమిటీవారు కొలిపించి చూడగోరుతున్నాము. సున్నపు గీతలు మేము వేయిస్తాము.