ముప్పై ఆరు సెంట్లు, ఒక పేరు

ఎనభైలలో పాప్, రాక్ పాటలతో వెలిగిన గాయనులు ఎవరంటే మడోనా, విట్నీ హ్యూస్టన్, సిండీ లాపర్ అని వరసగా చెప్పేస్తాం. వాళ్ళకి పేరొచ్చింది ఇరవైల్లోనో, ముప్పై దాటిన కొత్తల్లోనో. టీనా టర్నర్ దారి వేరు. 1984లో తన సొంత పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరేనాటికి ఆమె వయసు 44. ఆ ప్రయాణం మొదలైంది మా ఇర్వింగ్ పక్కనే, డాలస్ డౌన్‌టౌన్‌లో.

లాస్ కొలీనాస్‌లో ఆరెంజ్ లైన్ రైలెక్కి, సెయింట్ పాల్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే కామర్స్ స్ట్రీట్‌లో స్టాట్లర్ హోటల్ కనిపిస్తుంది. 1956 నాటిది. చాలా ఏళ్ళు మూతపడి ఉండి, 2017లో మళ్ళీ తెరుచుకుంది.

1976 జులై మొదట్లో భర్త ఐక్ టర్నర్‌తో కలిసి కచేరీ కోసం ఆమె ఈ హోటల్‌కి వచ్చింది. అసలు పేరు ఆనా మే బుల్లాక్. పెరిగింది టెనెసీలోని నట్‌బుష్ అనే పల్లెలో. 'టీనా టర్నర్' అన్నది ఐక్ పెట్టిన పేరు. ఆమె వెళ్ళిపోతే ఆ పేరుతో ఇంకొకరిని నిలబెట్టుకోవచ్చని దాన్ని రిజిస్టర్ కూడా చేయించాడు. పదహారేళ్ళు స్టేజి మీద గొంతు ఆమెది, డబ్బు మీద పెత్తనం అతనిది. ఇంట్లో దెబ్బలు. ఆ రోజు హోటల్‌కి వచ్చే దారిలో కారులోనే కొట్టాడు. మొదటిసారి ఆమె కూడా తిరగబడింది. గదిలో అతను నిద్రపోగానే, రక్తపు మరకల బట్టలతోనే బయటపడి, హైవే దాటి రమాడా ఇన్‌కి పరిగెత్తింది. చేతిలో 36 సెంట్లు, ఒక పెట్రోల్ కార్డు. అక్కడి మేనేజరు ఆమెకి గది ఇచ్చాడు.

1978లో విడాకులు వచ్చాయి. రెండు కార్లు, తను రాసిన పాటల రాయల్టీ కాక, ఆమె పట్టుబట్టి తీసుకున్నది ఆ పేరు ఒక్కటే. రద్దయిన కచేరీల అప్పులు నెత్తిన పడ్డాయి. కొన్నాళ్ళు ఫుడ్ స్టాంపులతో గడిపింది. టీవీ షోలలో, హోటళ్ళలో, కంపెనీల సమావేశాల్లో, ఎక్కడ పిలిస్తే అక్కడ పాడింది.

1983 చివర్లో ఆమె కొత్తగా పాడిన 'లెట్స్ స్టే టుగెదర్' అనే పాత పాట ఇంగ్లండ్‌లో హిట్టయింది. అప్పుడు కాపిటల్ రికార్డ్స్ ఆల్బమ్ కావాలంది. ఇంగ్లండ్‌లో సుమారు రెండు వారాల్లో తయారైన 'ప్రైవేట్ డాన్సర్' 1984 మేలో వచ్చింది. మరుసటి ఏడాది ఆమె చేతికి మూడు గ్రామీలు అందాయి. 1988లో రియోలోని మరకానా స్టేడియంలో ఆమె పాట వినడానికి 1,80,000 మంది వచ్చారు. 2023లో, 83 ఏళ్ళ వయసులో, స్విట్జర్లాండ్‌లో కన్నుమూసింది.

మన సినిమాల్లో అయితే హీరోయిన్ ఒక్క పాటలో పైకొచ్చేస్తుంది. టీనాకి ఎనిమిదేళ్ళు పట్టింది. నాకు గ్రామీల కన్నా ఆ ఎనిమిదేళ్ళే ముఖ్యంగా కనిపిస్తాయి. హెచ్-4 వీసా మీద వచ్చినవాళ్ళకి 2015 దాకా పనిచేసే అనుమతే లేదు. ఇప్పటికీ అందరికీ లేదు. ఎంటెక్ చదివి పదేళ్ళు ఇంట్లో ఉండిపోయినవాళ్ళు మనలో ఎందరో. గుడి మెట్ల మీద, పిల్లల డాన్స్ క్లాసుల బయట "ఈ వయసులో నాకు ఉద్యోగం ఎవరిస్తారండీ?" అన్న మాట వింటూనే ఉంటాను. అప్పుడల్లా 44 అన్న అంకె చెప్తాను. ఆ వయసుకి ముందు ఆమె చేసిన చిన్నాచితకా పనుల గురించి కూడా చెప్తాను.

మనం పైకి అనుకోని మాట ఇంకోటుంది. "సర్దుకుపోవాలమ్మా" అని ఫోన్లో అమ్మ చెప్తుంటే, ఇక్కడ దెబ్బలు దాచుకునేవాళ్ళు మన మధ్యనే ఉన్నారు. టీనా ధైర్యం గురించి అందరూ రాస్తారు. ఆ రాత్రి తలుపు తీసినవాళ్ళు లేకపోతే ఆ ధైర్యం ఎక్కడిదాకా వెళ్ళేదో! డాలస్ ప్రాంతంలో దక్షిణాసియా ఆడవాళ్ళకి 'చేతన' అనే సంస్థ అండగా ఉంటుంది. అమెరికాలో ఎక్కడున్నా నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్ 1-800-799-7233కి రాత్రీపగలూ ఫోన్ చేయవచ్చు. ఇంగ్లీషులో చెప్పుకోలేకపోతే దుబాసీని అడగవచ్చు. మీకు అవసరం లేకపోయినా, రేపెవరైనా మీ తలుపు తడితే పనికొస్తుంది. నంబరు రాసి పెట్టుకోండి.