ఒకే మెట్టు, రెండు పేర్లు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ఇండ్లలో సరళీవరుసలు వల్లించే పిల్లలకు ఏనాడో ఒకనాడు ఈ సందేహం కలుగక తప్పదు: స్థాయిలో స్వరస్థానాలు 12 కాగా, పేర్లు 16 ఎట్లయినవి?

చతుశ్రుతి రిషభమన్నా, శుద్ధ గాంధారమన్నా హార్మోనియంపై మెట్టు ఒకటే! బట్టీ పట్టుమనటం తేలిక. విడమరచి చెప్పేవారు అరుదు. ఇందులో బ్రహ్మవిద్య ఏమున్నది? ఒకే మనిషి ఒకరికి మామ, మరొకరికి బావ కాడా? శంకరాభరణంలో ఆ మెట్టు రిషభం. కనకాంగిలో శుద్ధ రిషభం ముందే వచ్చి కూర్చున్నది గనుక, అదే గాంధారమైనది.

ఇట్టి జంటపేర్లు నాలుగు స్థానాలకు కలవు. పదిహేడవ శతాబ్దిలో వేంకటమఖి లెక్కగట్టిన 72 మేళాలకు ఆధారమిదే. స్థానానికి ఒక్క పేరే ఉంటే 32 మిగిలేవి. త్యాగరాజ పంచరత్నాలలో మొదటిదైన నాటరాగ కృతికి మూలమేళమగు చలనాట, పోయే ఆ 40లోనిదే.