కరువు రోజుల్లో లేచిన రాజభవనం

ఖజానా నిండుగా ఉన్నప్పుడు రాజులు మహళ్లు కట్టించడం మామూలే. జోధ్‌పూర్‌లోని ఉమైద్ భవన్ మాత్రం కరువు రోజుల్లో మొదలైంది. మన దేశంలో చివరగా కట్టిన పెద్ద రాజభవనాల్లో ఇదొకటి.

పని చూపించిన మహల్: 1920లలో జోధ్‌పూర్ రాజ్యమైన మార్వాడ్‌ను వరస కరువులు పీడించాయి. ఆదుకోమని రైతులు మొరపెట్టుకుంటే, మహారాజా ఉమైద్ సింగ్ 1929లో ఈ భవనానికి శంకుస్థాపన చేశాడు. జనానికి కూలి దొరకాలన్నదే అసలు ఉద్దేశం కాబట్టి ఎవరూ తొందరపెట్టలేదు. వేలమంది పనిచేయగా 1943లో పూర్తయింది.

347 గదులు: ప్రపంచంలోని అతిపెద్ద సొంత నివాసాల్లో ఇదొకటి. నమూనా గీసింది ఇంగ్లండ్ వాస్తుశిల్పి హెన్రీ లాంచెస్టర్. నడిమి గుమ్మటం ఎత్తు వంద అడుగుల పైమాటే. నేలమాళిగలో ఈతకొలను ఉంది.

సున్నం లేని గోడలు: లేత పసుపు ఇసుకరాళ్లను ఒకదానిలో ఒకటి ఇమిడేలా గాళ్లు తొలిచి పేర్చారు. బరువైన రాయిని సరిగ్గా కూర్చోబెట్టేందుకు అడుగున మంచుదిమ్మలు పెట్టేవారట. మంచు కరిగేకొద్దీ రాయి మెల్లగా దిగి గాడిలో పడేది. ఎడారి ఎండల్లో ఎంత చక్కటి ఉపాయం! రాళ్ల రవాణా కోసం ప్రత్యేకంగా రైలుమార్గమే వేశారు.

మునిగిన ఓడ: లండన్‌లో చేయించిన సామాను తెస్తున్న ఓడ రెండో ప్రపంచయుద్ధంలో మునిగిపోయింది. యుద్ధం వల్ల ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన పోలెండ్ చిత్రకారుడు స్టీఫన్ నార్బ్లిన్ ఆ లోటు తీర్చాడు. లోపలి అలంకరణను తన చేతుల మీదుగా తీర్చిదిద్ది, సింహాసన మందిరం గోడల మీద రామాయణ ఘట్టాలు చిత్రించాడు.

ఒకే కప్పు కింద మూడు: కట్టించిన మహారాజు ఇందులో ఎక్కువ కాలం ఉండలేదు, 1947లో కన్నుమూశాడు. ఇప్పుడు ఒక భాగంలో రాజకుటుంబం ఉంటోంది. ఒక భాగం మ్యూజియం, మరొకటి తాజ్ హోటల్.

జోధ్‌పూర్ వెళ్తే గదుల లెక్కతో సరిపెట్టుకోకండి. గోడ దగ్గరగా నిలబడి రాళ్ల అతుకులు చూడండి. కరువులో కూలికొచ్చిన చేతులు ఎంత నాణ్యమైన పని చేశాయో అక్కడ తెలుస్తుంది.