ములికి పెద్దగుంటె సరిపోతదా?

అమెరికల విల్లుతోటి జింకను కొట్టుడు లైసెన్సు తీసుకోని చేసే వేట. మన దగ్గరైతే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, జైలుకు పోవుడే. అక్కడి వీడియోలు చూసి ఇక్కడ అడవిల పడకుండ్రి. కానీ ఆ వేటగాళ్ల నడుమ ఒడువని లొల్లి ఒకటున్నది: బాణానికి ఏ ములికి పెట్టాలె?

ఫిక్స్‌డ్ బ్లేడ్ ములికికి బ్లేడ్లు కదలవు, మన పాత ఇనుప ములికి లెక్కనే. మెకానికల్‌ది గాలిల పోయేటప్పుడు ముడుచుకోని ఉంటది, జింకకు తాకంగనె విచ్చుకుంటది. మొదటిదాని కోత ఇంచు, ఇంచుంబావు. రెండోదాంది ఇంచున్నర నుంచి రెండించుల దాక.

కోత పెద్దగుంటె జింక జల్ది పడతదని చానమంది మెకానికల్ దిక్కే ఉరుకుతున్నరు. మరి బ్లేడు విచ్చుకునేతందుకు, గంత వెడల్పు కోసేతందుకు బలం యాడికెళ్లి వస్తది? బాణంల ఉన్న బలంలకెళ్లే పోవాలె. 70 పౌండ్ల కాంపౌండ్ విల్లుకు గదో లెక్క కాదు. 40 పౌండ్ల విల్లు పట్టినోనికి మాత్రం బాణం లోపల్నే ఆగిపోవచ్చు. వేటగాడు చెట్టుకు కట్టిన మంచె మీదికెళ్లి కొడతడు గదా, బాణం పైనుంచి దిగుతది. కింది దిక్కు బయటికి రాకపోతె రక్తం లోపల్నే నిండుతది, నేల మీద జాడ దొరకది. భుజం బొక్కకు తాకితె ఇంకా కష్టం. జింక ఉరికి యాడనో పొదల్ల పడి గోసపడి సస్తది. నా లెక్కల అసలు ముచ్చట గిదే. తక్కువ బలం విల్లుకు ఫిక్స్‌డ్ బ్లేడే పెట్టాలె.

దానికీ ఒక తిప్పలున్నది. బయటికున్న బ్లేడ్లు గాలిల రెక్కల లెక్క పనిచేస్తయి. విల్లు సరిగ్గ ట్యూన్ చెయ్యకుంటె, ప్రాక్టీసు మొన ఒకకాడ తాకితె గిది ఇంకోకాడ తాకుతది. అప్పుడు ములికిని తిట్టి మెకానికల్ కొంటరు. విల్లును సక్కగ చేసుకునేది పోయి గిదేం పద్ధతి?

ఏది కొన్నా, వేటకు పోయే ముందు అదే రకం ములికితోటి కొట్టి చూసుకోవాలె. బ్లేడ్లు మొద్దుబారితె మార్చాలె. ములికి వెడల్పు ఎంతుండాలె, మెకానికల్ నడుస్తదా లేదా అన్నది రాష్ట్రానికో తీరుంటది. అక్కడున్న మనోళ్లెవరన్న నేర్వాలనుకుంటె, ఆ రాష్ట్రం రూల్సు సదివినంకనే పైసలు పెట్టుండ్రి.