ఎగిరే రోడ్డు ఎందుకు ఆగింది?

మా ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో తమిళం. అందుకని కొన్ని మాటలు నాకు రెండు భాషల్లోనూ కలిసే వినిపిస్తాయి. అలాంటిదే ‘పరక్కుం సాలై’, అంటే ఎగిరే రోడ్డు. చెన్నైలో ఈ మాట అంటే చాలామందికి హార్బర్–మదురవాయల్ ఎక్స్‌ప్రెస్‌వేనే గుర్తొస్తుంది. పొడవు సుమారు 20 కిలోమీటర్లే. కథ మాత్రం చాలా పెద్దది.

ముందు దీని అవసరం ఏమిటో చూద్దాం. మన హార్బర్ ఊరి నడిబొడ్డున, సెయింట్ జార్జి కోట పక్కనే ఉంది. కంటైనర్ లారీలు పగటిపూట ఊళ్ళోకి రాకూడదు. చుట్టు తిరిగి పోవాలి, లేకపోతే రాత్రి దాకా ఆగాలి. బెంగుళూరు రోడ్డూ చెన్నై బైపాసూ కలిసే చోటు మదురవాయల్. హార్బర్ నుంచి నేరుగా అక్కడ దిగేలా పైన ఒక దారి వేస్తే ఈ బాధ తీరుతుందని ఆలోచన.

కానీ ఇంత కిక్కిరిసిన ఊళ్ళో స్థలం ఎక్కడిది? ఖాళీగా కనబడింది కూవం నది ఒక్కటే. నేపియర్ వంతెన, చింతాద్రిపేట, ఎగ్మూరు, చేట్‌పట్, అమింజికరై, కోయంబేడు... మ్యాపులో చూడండి, రోడ్డు చాలా దూరం నది వెంటే నడుస్తుంది. వీటిలో చింతాద్రిపేట 1734 ప్రాంతంలో నేతపనివాళ్ళ కోసం కట్టిన పేట. తమిళంలో ‘తరి’ అంటే మగ్గం. ‘చిన్న తరి పేట్టై’ నుంచే ఆ పేరు వచ్చిందంటారు.

2009 జనవరిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. 2012లో రాష్ట్ర ప్రభుత్వం పని ఆపించింది. స్తంభాలు నది లోపలికి వచ్చేశాయి, నీటికి అడ్డం అవుతున్నాయి అన్నది అభ్యంతరం. 2014లో మద్రాసు హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అయినా పని కదల్లేదు. మోయడానికి రోడ్డు లేని స్తంభాలు పదేళ్ళకు పైగా కూవంలో అలాగే నిలబడి ఉండిపోయాయి.

ఆ అభ్యంతరాన్ని ఉత్త రాజకీయమని కొట్టిపారెయ్యలేం. కూవం ఏడాదిలో ఎక్కువ రోజులు మురుగుకాలవలాగే కనిపిస్తుంది కదా. ఐప్పసి, కార్తీక వానల్లో మాత్రం అది నదే. స్తంభాలు, పని కోసం పోసిన మట్టి దిబ్బలు దారిని ఇరుకు చేస్తే వెనకాల నీరు పెరిగి గట్టు దాటుతుంది. నీరు దారి దొరక్క ఇళ్ళలోకి వస్తే ఏమవుతుందో 2015 డిసెంబరులో ఊరంతా చూసింది.

2022 మే 26న ప్రధాని మోదీ కొత్త ప్లానుకు శంకుస్థాపన చేశారు. ఖర్చు 5,800 కోట్ల పైమాటే. ఈసారి రెండు అంతస్తులు: కింద ఊరి బండ్లు, పైన హార్బర్ లారీలు.

ఇక మనుషుల సంగతి. కూవం గట్టున ఉండే ఎన్నో కుటుంబాలను ఊరి దక్షిణపు కొసన కణ్ణగి నగర్, పెరుంబాక్కం లాంటి చోట్లకు పంపేశారు. మా వీధిలో పూలమ్మే అక్క అలా వెళ్ళినావిడే. బేరం ఇక్కడే కాబట్టి రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. “ఆడవాళ్ళకి టికెట్టు లేదులేమ్మా, పొద్దే పోతుంది” అంటుంది.

లారీకి మిగిలే గంటలను లెక్కవేసేటప్పుడు ఆవిడకు పోయే గంటలను కూడా లెక్కలో రాయాలి. నది ఖాళీ స్థలం కాదు. గట్టు కూడా కాదు. ఈ రోడ్డు నాకు నేర్పింది ఇదే.