ట్రెడ్‌మిల్: జైలు చక్రం నుంచి ఇంటి హాలు దాకా

ఉన్నచోటే మనిషిని నడిపించే యంత్రం ట్రెడ్‌మిల్. మొదట్లో దీన్ని మనిషి కాలే తిప్పేది, తర్వాత ఆ పని మోటారుకు అప్పగించారు. ఇంటికి ఏ కంపెనీది కొనాలన్న లెక్క కూడా చివరికి ఆ మోటారు దగ్గరే తేలుతుంది.

1818లో ఇంగ్లండ్ ఇంజనీరు విలియం క్యూబిట్ ఖైదీలు ఖాళీగా కూర్చోకూడదని ఒక చక్రం తయారుచేశాడు. పొడవాటి పీపాలాంటి ఆ చక్రం చుట్టూ మెట్లుండేవి. ఖైదీలు వరసగా నిలబడి గంటల తరబడి మెట్లెక్కుతుంటే చక్రం తిరిగేది. కొన్ని జైళ్లలో దానితో పిండి విసిరేవారు, నీళ్లు తోడేవారు. చాలాచోట్ల ఏ పనీ లేకుండా ఉత్తినే తిరిగేది. 1898 జైళ్ల చట్టంతో బ్రిటన్‌లో ఈ శిక్ష పోయింది.

యాభై ఏళ్ల తర్వాత ఈ ఆలోచన ఆసుపత్రికి చేరింది. 1950ల్లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో వైద్యుడు రాబర్ట్ బ్రూస్, పరికరాల నిపుణుడు వేన్ క్వింటన్ కలిసి మోటారుతో కదిలే బెల్టు మీద రోగిని నడిపించి గుండె తీరును గమనించారు. 1963లో బ్రూస్ స్థిరపరిచిన పద్ధతిలో నడక గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, 10 శాతం వాలుతో మొదలై, ప్రతి 3 నిమిషాలకూ వేగం, వాలు రెండూ పెరుగుతాయి. హైదరాబాద్, కర్నూలు ఆసుపత్రుల్లో ‘టీఎంటీ’ అని రాసిచ్చే పరీక్ష ఇదే.

ఇంటి యంత్రానికి దారి వేసినవాడు అమెరికా ఇంజనీరు విలియం స్టౌబ్. 1968లో కెనెత్ కూపర్ రాసిన ‘ఏరోబిక్స్’ పుస్తకం చదివి, సామాన్యుడు కొనగలిగే ధరలో ‘పేస్‌మాస్టర్ 600’ తయారుచేశాడు. 2012లో 96వ ఏట కన్నుమూశాడు.

యంత్రం లోపలి ఏర్పాటు సాదాదే. అడుగున చెక్క పలక, దాని మీద జారే బెల్టు, ముందూ వెనకా రెండు రోలర్లు. మోటారు ముందు రోలర్‌ను తిప్పుతుంది. అడుగు పడగానే బెల్టు పలకకు అదుముకుంటుంది, రాపిడి పెరుగుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. బెల్టు కింద సిలికాన్ నూనె ఎండిపోతే ఈ భారం ఇంకా పెరిగి, కంట్రోల్ బోర్డు, మోటారు కాలిపోవచ్చు.

కంపెనీలను పోల్చేటప్పుడు మొదట చూడాల్సింది హార్స్‌పవర్. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే ‘పీక్’ అంకె కొన్ని క్షణాలపాటు మోటారు ఇవ్వగలిగిన శక్తి. ఆగకుండా ఇచ్చేది ‘కంటిన్యూయస్’ అంకె. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఇంట్లో మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు నుంచి 230 వోల్టుల దగ్గర వచ్చేది 1,380 వాట్లే, అంటే 2 హార్స్‌పవర్ కన్నా తక్కువ. ఆ ప్లగ్గుకే తగిలించే యంత్రం మీద 4 అని రాసి ఉంటే అది పీక్ అంకె అని తెలుసుకోవాలి.

తర్వాతది బెల్టు. నడకకు 40 సెంటీమీటర్ల వెడల్పు, 120 పొడవు చాలు. పరుగుకు 50 వెడల్పు, 140 పొడవు ఉంటే కాలు అంచు మీద పడదు. యంత్రం మోయగల బరువు ఇంట్లో అందరికన్నా బరువైన మనిషి కంటే ఎక్కువగానే ఉండాలి. ఒక శాతం వాలు పెట్టుకుని పరుగెత్తితే, బయట గాలి ఇచ్చే అడ్డు లేని లోటు దాదాపు తీరుతుంది.

పేర్లు వేరైనా కొన్నింటి యజమాని ఒకరే. నార్డిక్‌ట్రాక్, ప్రోఫార్మ్ రెండూ ఐఫిట్ కంపెనీవి. హొరైజన్, మ్యాట్రిక్స్ తైవాన్‌కు చెందిన జాన్సన్ సంస్థవి. టెక్నోజిమ్, లైఫ్ ఫిట్‌నెస్‌లకు పేరు తెచ్చింది జిమ్ములే. మన దగ్గర ఇళ్లకు ఎక్కువగా వెళ్లేవి పవర్‌మ్యాక్స్, స్పార్నాడ్, ఫిట్‌కిట్, కల్ట్, లైఫ్‌లాంగ్ వంటివి. వీటిలో ఏది కొన్నా వారంటీ ఎన్నేళ్లో చూస్తే సరిపోదు. అమ్రాబాద్ లాంటి అటవీ మండలానికి మెకానిక్ అచ్చంపేట నుంచో హైదరాబాద్ నుంచో రావాలి. ‘ఇంటికొచ్చి బాగుచేస్తాం’ అన్న మాట తమ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో కొనేముందే కనుక్కోవాలి. వోల్టేజి నిలకడ లేనిచోట స్టెబిలైజర్ ఖర్చూ ధరలో కలుపుకోవాలి.

భద్రత విషయంలో పెద్ద పేరే భరోసా కాదు. 2021లో అమెరికాలో ఒక చిన్నారి మరణించాక పెలోటన్ కంపెనీ సుమారు 1,25,000 ‘ట్రెడ్ ప్లస్’ యంత్రాలను వెనక్కి పిలిపించింది. దుస్తులకు తగిలించుకునే సేఫ్టీ కీ ఊడితే బెల్టు వెంటనే ఆగాలి. వాడకం అయ్యాక ఆ కీని పిల్లలకు అందకుండా తీసిపెట్టాలి.

మోటారు అక్కర్లేని దారి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని మండపేటలో ఒక వడ్రంగి చెక్కతో చేసిన ట్రెడ్‌మిల్ వీడియో 2022 మార్చిలో దేశమంతా తిరిగింది. అప్పటి తెలంగాణ మంత్రి కె.టి. రామారావు అది చూసి, అతనికి తోడ్పడాలని హైదరాబాద్‌లోని నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్‌కు సూచించారు. ఇందులో నడిచేవాడి పాదమే చెక్క పట్టీలను వెనక్కి నెడుతుంది, బేరింగులు రాపిడి తగ్గిస్తాయి. కరెంటు ఖర్చు లేదు, కాలిపోయే బోర్డు లేదు, మనిషి ఆగితే పట్టీ కూడా ఆగుతుంది. అయితే వేగం అంకెలో పెట్టుకోవడం, మెల్లగా నడిచే వృద్ధులకు నిలకడైన కదలిక ఇవ్వడం మోటారు యంత్రానికే సులువు. కరెంటు, సర్వీసు రెండూ దొరికే ఇంటికి మోటారుది, అవి దొరకని ఇంటికి కాలితో తిరిగేది నప్పుతాయి.