ఒంటిగంట ఉపన్యాసములు

కోటి విద్యలు కూటి కొఱకే యని మనవారు చెప్పుదురు. కూటివేళనే విద్య కొఱకు వెచ్చించువారును లోకమున లేకపోలేదు. లండను నగరమున హాల్‌బర్న్ అను భాగములో బార్నార్డ్స్ ఇన్ అను పురాతన సభాశాల యొకటి కలదు. దాని చుట్టును న్యాయవాదుల కార్యాలయములు, వర్తక సంస్థలు. మధ్యాహ్నము ఒంటిగంట యగుసరికి ఉద్యోగులు, విశ్రాంతి పొందిన వృద్ధులు, దారిన బోవువారు వచ్చి ఆ శాలలో కూర్చుండుటయు, గణితవేత్తయో ఖగోళ శాస్త్రజ్ఞుడో తన శాస్త్రమందలి సరిక్రొత్త సమస్యను గూర్చి గంటసేపు ప్రసంగించుటయు, పిమ్మట ఎవరి పనికి వారు మరలిపోవుటయు 1991 తరువాత అచ్చట పెక్కేండ్లు సాగిన పద్ధతి. వినుటకు రుసుము లేదు. విన్న పిమ్మట పరీక్ష లేదు, పట్టమును లేదు.

ఈ ఉపన్యాసములను నడపునది గ్రెషాం కళాశాల. పేరు కళాశాలయే గాని అందు విద్యార్థులుగా చేరువారు లేరు. నగరమే దానికి తరగతి. ఈ చిత్రమైన విద్యాలయము పుట్టి నాలుగు శతాబ్దములు దాటినది.

థామస్ గ్రెషాం 16వ శతాబ్దమున లండనులో వర్తకము చేసి, రాచకుటుంబమునకు విదేశములలో ఋణములు కుదిర్చి, అపార ధనము గడించినవాడు. రాయల్ ఎక్స్ఛేంజి అను వర్తకశాలను కట్టించినదియు ఆయనయే. 1579లో ఆయన మరణించెను. ఆ వర్తకశాలలోని అంగళ్ల అద్దెలతో ఏడుగురు ఆచార్యులను పోషించి, తన భవనముననే ప్రజలకు ఉపన్యాసము లిప్పింపవలెనని మరణశాసనమున వ్రాసెను. ఆయన భార్య 1596లో గతించిన పిదప, 1597లో ఆ కోరిక నెఱవేఱినది. ఖగోళము, జ్యామితి, వైద్యము, న్యాయము, సంగీతము, వక్తృత్వము, దైవశాస్త్రము అనునవి ఆ ఏడు విద్యలు. దినమునకొక విద్య చొప్పున వారమంతయు ఉపన్యాసములే. ఒక్కొక్క ఆచార్యునకు ఏడాదికి 50 పౌనులు జీతము.

నాడు ఇంగ్లండులో ఉన్న విశ్వవిద్యాలయములు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి అను రెండే. అచ్చట విద్యాభాష లాటిను. లండను పౌరునకు ఆ ద్వారములు రెండును మూసినట్టివే. అందుచే గ్రెషాం కళాశాలకు ఒక నియమము నేర్పరచిరి. అదే ఉపన్యాసమును ఆచార్యుడు ఉదయమున లాటినులోను, మధ్యాహ్నమున ఇంగ్లీషులోను చెప్పవలెను. ఉదయపు ప్రసంగము పండితులకు, మధ్యాహ్నపు ప్రసంగము వర్తకులకును తక్కిన పౌరులకును. నావికులు వాడు పరికరములను గూర్చి ఖగోళాచార్యుడు వారికి బోధపడునట్లు వివరింపవలెనని కూడ ఏర్పాటు. జనభాషలో శాస్త్రము చెప్పుట శాస్త్రమునకు చిన్నతనమని తలచిన కాలమున ఈ ఏర్పాటు సామాన్యమైనది కాదు.

పామరులకు చెప్పుట వలన పామరులకే లాభమనుకొనుట పొరపాటు. హెన్రీ బ్రిగ్స్ ఈ కళాశాలకు తొలి జ్యామితి ఆచార్యుడు. 1614లో స్కాట్లండు దేశీయుడగు జాన్ నేపియర్ సంవర్గమానములను వెల్లడించెను. గుణకారమును సంకలనముగా మార్చు ఈ క్రొత్త ఉపాయము బ్రిగ్స్‌ను ముగ్ధుని చేసినది. వెంటనే దానిని తన శ్రోతల ముందుంచి వివరింప మొదలిడెను. అట్లు వివరించుచుండగనే, ఈ పద్ధతిని పది సంఖ్య ననుసరించి మార్చినచో లెక్క మఱింత సులభమగునని ఆయనకు తోచినది. ఈ సంగతి ఆయనయే తరువాత వ్రాసికొనెను. 1615లో ఆయన పనిగట్టుకొని ఎడింబరో పోయి నేపియరును కలిసికొనెను. నేపియరు మనస్సులోను అట్టి మార్పే మెదలుచుండెను. ఇరువురును ఏకాభిప్రాయమునకు వచ్చిరి. 1617లో బ్రిగ్స్ మొదటి వేయి సంఖ్యలకు పట్టికను ప్రకటించెను. కాలిక్యులేటరు రాకపూర్వము మన కళాశాల విద్యార్థులు చంకబెట్టుకొని తిరిగిన లాగరిథం పట్టికలకు మూలమదియే. శ్రోతకు సులభముగా చెప్పవలెనను శ్రమయే శాస్త్రమును సులభము చేసినది.

ఎడ్మండ్ గంటర్ 1619 నుండి 1626 వఱకు అచ్చట ఖగోళాచార్యుడు. భూమి కొలుచు గొలుసును 1620 ప్రాంతమున రూపొందించినవాడితడే. ఆ గొలుసు పొడవు 66 అడుగులు, అందు 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము, వేయి చదరపు లింకులు ఒక సెంటు. మన పల్లెలలో కరణములును సర్వేయర్లును తరతరములుగా లాగిన గొలుసు ఇదియే. సెంటు భూమికై అన్నదమ్ములు న్యాయస్థానము కెక్కునపుడు, ఆ సెంటు లెక్కకు ఆధారమైన గొలుసు లండనులో పౌరులకు ఖగోళము బోధించిన ఆచార్యుని చేతిలో పుట్టినదని ఎవరికి స్ఫురించును?

1660 నవంబరు 28వ తేదీన క్రిస్టఫర్ రెన్ అను ఖగోళాచార్యుడు ఉపన్యాసము ముగించిన పిమ్మట, పండ్రెండుగురు మిత్రులు అచ్చటనే కూర్చుండి ప్రయోగ విద్యకొక సంఘముండవలెనని నిశ్చయించిరి. అదియే రాయల్ సొసైటీ. వక్త వేదిక దిగిన తరువాత సాగిన సంభాషణమునకు ఇంతకన్న గొప్ప ఫలము మఱియొకటి కానరాదు.

అట్లని కథ అంతయు వెలుగే కాదు. 1665లో జ్యామితి ఆచార్యుడైన రాబర్ట్ హుక్ మహామేధావి. అయినను తన ఉపన్యాసమునకు వినువారు రాని దినములు కలవని దినచర్యలో వ్రాసికొనెను. 18వ శతాబ్దమున కొందఱు ఆచార్యులు జీతము పుచ్చుకొనుటయే పనిగా బెట్టుకొనిరి. 1768లో ఆ భవనమును పడగొట్టిరి. ఉపన్యాసములు రాయల్ ఎక్స్ఛేంజిలోని యొక గదికి చేరినవి. మరణశాసనము ధనము నియ్యగలదు, భవనము నియ్యగలదు. చెప్పువానికి చెప్పవలెనను తపనను, వినువానికి వినవలెనను ఆకలిని ఏ శాసనమును ఇయ్యజాలదు. 1843లో క్రొత్త భవనము లేచిన పిమ్మటనే కళాశాల మరల కుదుటబడినది.

ఆ ఆకలి ఎట్టిదో తెలియుటకు, అదే నగరమున, మఱియొక సంస్థలో జరిగిన సంగతి చాలును. 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో హంఫ్రీ డేవీ రసాయన శాస్త్రమును గూర్చి ప్రసంగించుచుండెను. అచ్చట ప్రవేశమునకు టిక్కెట్టు కావలెను. పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుచున్న మైకేల్ ఫారడే అను యువకునకు, ఆ దుకాణమునకు వచ్చుచుండిన యొక పెద్దమనిషి టిక్కెట్లు తెచ్చి యిచ్చెను. నాలుగు ఉపన్యాసములు విని, విన్నదంతయు వ్రాసి, తన చేతితోనే అట్ట కట్టి, ఆ పుస్తకమును డేవీకి పంపుకొనెను. 1813లో ఆయనకు అచ్చట సహాయకుని పని లభించినది. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న ఫారడే అతడే. మన యింట వెలుగు దీపమునకు విద్యుత్తు నిచ్చు యంత్రములు ఆ సూత్రము పైననే తిరుగుచున్నవి. ఆ పెద్దమనిషి టిక్కెట్లు ఇయ్యకున్నచో ఏమయ్యెడిది? ఒక మహాశాస్త్రజ్ఞుని భాగ్యము పరుని దయపై వ్రేలాడుట తగదు. గ్రెషాం తలుపునకు రుసుము లేకపోవుటలోని న్యాయము ఇచ్చట బోధపడును.

పాఠ్యపుస్తకమున దొరకనిది ఈ ఉపన్యాసములలో ఏమి దొరకును? పుస్తకములో తేలిన విషయములే యుండును. పరిశోధకుడు ఇంకను తేలని దానిని తెచ్చి జనుల ముందుంచును. 2015 సెప్టెంబరు 14వ తేదీన అమెరికాలోని లైగో యంత్రములు గురుత్వ తరంగములను పట్టుకొన్నవి. నాలుగు కిలోమీటర్ల పొడవుగల యంత్రబాహువులో ప్రోటాను వ్యాసమున వేయవ వంతు కన్నను తక్కువ కదలికను అవి గుర్తింపవలసి వచ్చినది. ఆ సంగతిని లోకమునకు 2016 ఫిబ్రవరి 11న గాని ప్రకటింపలేదు. నడుమ నైదు మాసములు వారేమి చేసిరి? తమ్ము తాము శంకించుకొనిరి. యంత్రదోషమా, పరిసరముల అలజడియా యని ఒక్కొక్క అనుమానమును పరీక్షించి త్రోసివేసిరి. ఫలితమును పత్రికలు చెప్పగలవు. ఆ శంకను మాత్రము దాని ననుభవించిన వారి నోటనే వినవలెను. విశ్వములో మనకు తెలిసిన పదార్థము నూటికి అయిదు పాళ్లు మాత్రమే, తక్కినది ఏమో తెలియదు అని పండితుడు సభలో నిలిచి పలుకుట గొప్ప పాఠము. తెలియదనుట అజ్ఞాన చిహ్నము కాదనియు, అన్వేషణకు అదియే మొదటి మెట్టనియు శ్రోత గ్రహించును.

ఈ గ్రహింపు కొఱవడినచో నెంత హానియో 2020లో కోవిడు వ్యాపించినపుడు లోకమంతటను చూచినారు. ముఖమునకు తొడుగు అక్కఱలేదని మొదట కొందఱు నిపుణులు చెప్పిరి, పిమ్మట కావలెననిరి. సాక్ష్యము పెరిగిన కొలది మాట మారుట శాస్త్రధర్మమని ఎఱిగినవారు సర్దుకొనిరి. ఎఱుగనివారు అది మోసమనుకొని పుకార్లను నమ్మిరి. కష్టకాలమున శాస్త్రజ్ఞుని మాట చెల్లవలెనన్నచో, సుఖకాలమున ఆతడు జనుల నడుమకు వచ్చి తన పని తీరు తెలిపియుండవలెను.

గంటసేపటి మాటలతో వచ్చునది అరకొర జ్ఞానమే కదా యని కొందఱందురు. నిజమే. ఆ గంటతో ఎవరును పండితులు కారు. సముద్రమును చూచినవాడు ఈత నేర్చినవాడు కాడు, కాని సముద్రము ఇంత యున్నదని వానికి తెలియును. ఏ విషయమున ఎవరి నడుగవలెనో, ఏమని యడుగవలెనో తెలియును. పౌరునకు అదియే ముఖ్యము.

వినికిడి విద్య మన తెలుగువారికి క్రొత్త కాదు. విద్వాంసుని మనవారు బహుశ్రుతుడందురు. పెక్కింటిని విన్నవాడని ఆ మాట కర్థము. రాత్రివేళ గుడి మంటపమున పురాణ కాలక్షేపము విని, అక్షరము రానివారు సైతము భారతార్థమును తర్కించిన దేశమిది. పౌరాణికునకు కథ ముగింపు తెలియును, పరిశోధకునకు తెలియదు. తేడా అంతియే. మన హైదరాబాదులోనే జీవకణములను, భూగర్భమును, రసాయనములను పరిశోధించు జాతీయ సంస్థలు కలవు. 1987 నుండి ఫిబ్రవరి 28వ తేదీని జాతీయ విజ్ఞాన దినముగా జరుపుచున్నారు. ఆ సందర్భమున పెక్కు పరిశోధనాలయములు ప్రజలకు తలుపులు తెఱచుచున్నవి. మంచిదే. కాని ఏడాదికొకనాటి ఉత్సవము వేఱు, వారమున కొకనాటి అలవాటు వేఱు.

భాష చాలదందురా? 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి శాస్త్ర పదకోశములను వెలువరించినది. పదములు పుస్తకములలో నున్నవి, పలుకు నోళ్లే కఱవైనవి. ఇంగ్లీషున పరిశోధన పత్రము వ్రాయు శాస్త్రజ్ఞుడు, మధ్యాహ్నమున ఒక గంట, కార్యాలయపు గుమాస్తాకును దుకాణపు కుఱ్ఱవానికిని తెలుగున దాని సారము చెప్పిన, అది గ్రెషాం నాటి రెండు భాషల నియమమే యగును. అది దానమనుకొననక్కఱలేదు. సులభముగా చెప్పబోయి బ్రిగ్స్ ఏమి లాభము పొందెనో చూచితిమి. వినువారిలో అట్టలు కట్టు కుఱ్ఱవాడెవడైన నుండునేమో, తలుపు తెఱచి చూచినగాని తెలియదు.